మామ్మ పెట్టెలు అమ్మేయాలా, ఇంట్లో పెట్టుకోవాలా?

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం. బొబ్బిలి దగ్గర పల్లెలో మా మామ్మ ఉన్న పెంకుటిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు కడుతున్నారు. అటక మీద నుంచి 11 పెట్టెలు దిగాయి. ఒక భోషాణం, రెండు రేకు ట్రంకు పెట్టెలు, ఇత్తడి వక్కపెట్టె, లక్క పూసిన కుంకుమ భరిణెలు మూడు, మూత మీద బొమ్మలున్న పాత బిస్కెట్ డబ్బాలు రెండు, ఎరుపు నలుపు రంగుల్లో గుండ్రటి డబ్బా ఒకటి (మా ముత్తాత రంగం నుంచి తెచ్చాడట), తెల్లటి ముక్కలు పొదిగిన చిన్న నల్ల పెట్టె ఒకటి. పాత సామాన్లు కొనే అతను అన్నీ కలిపి 18 వేలకు అడుగుతున్నాడు. రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో ఎక్కడ పెడతావు, ఇచ్చేద్దాం అంటున్నారు మా ఆయన. నాకేమో పాలిష్ పెట్టించి హాల్లో పెట్టుకోవాలని ఉంది. ఎలా శుభ్రం చేయాలి, ఎలా సర్దుకోవాలి, అసలు వీటికి విలువ ఉందా? ఒక భరిణె మూత రావడం లేదు, దానికేం చేయాలో కూడా చెప్పండి.

జవాబు:

చెల్లీ, ఆ కొనే అతనికి ఇప్పుడప్పుడే ఏమీ చెప్పకు. అన్నీ కలిపి ఇంత అని అడిగాడంటే చాలాసార్లు అందులో ఒకటో రెండో అతని కంట్లో పడ్డాయని అర్థం, మిగిలినవి వాటి చాటున వెళ్ళిపోతాయి. అది అతని వ్యాపారం, తప్పు పట్టక్కర్లేదు. కానీ తొందర అతనిది, నీది కాదు. ఇన్నేళ్ళు అటక మీద ఉన్నవి ఇంకో నెల ఉంటే కరిగిపోవు.

పాలిష్ షాపుకి మాత్రం పంపొద్దు. ఈ మాట నేను గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తాను. శ్రీకాకుళంలో మా తాతయ్యకి చిన్న కిరాణా కొట్టు ఉండేది, ఆయన టేకు గల్లాపెట్టె నాకు వచ్చింది. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో దాన్ని మెరిసేలా చేయించాలని ఒక పనివాడికి ఇచ్చాను. మెషీన్‌తో చెక్కంతా గీకేసి, పైన అద్దంలాంటి పాలిష్ కొట్టి తెచ్చాడు. మూత తెరిచి చూస్తే లోపలి వైపు తాతయ్య పెన్సిల్‌తో రాసుకున్న అరువుల లెక్క లేదు. ఎవరు ఎన్ని సోలల నూనె పట్టుకెళ్ళారో, ఎవరు సంతరోజు తీరుస్తామన్నారో అన్నీ ఉండేవి అందులో. అతను చెప్పిన పనే చేశాడు, చెప్పింది నేను. పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది, కానీ ఇప్పుడది ఎవరి పెట్టైనా కావచ్చు.

అందుకే నువ్వు గుడ్డ ముట్టుకునే ముందు ఫోన్ తీసి ఒక్కో పెట్టెకీ పైన, అడుగున, మూత లోపల, తాళం దగ్గర ఫోటోలు తియ్యి. ఇత్తడి వక్కపెట్టె మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరుందేమో వెలుతురులో వంచి చూడు. మన ఇళ్ళల్లో బిందెకీ చెంబుకీ పేర్లు కొట్టించినట్టే వీటికీ కొట్టించేవారు, అది మీ మామ్మ పేరు కాకపోతే ఆవిడ అత్తగారిదో, పుట్టింటి వాళ్ళదో అయ్యుంటుంది. పెట్టెల అడుగున పాత పేపరు అతికించి ఉంటే పీకొద్దు. ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైంది 1914లో, అలాంటి పేపరు ముక్క మీద తేదీ కనిపిస్తే ఆ పెట్టె ఆ రోజుల్లో ఇంట్లో వాడుకలో ఉండొచ్చని ఒక అంచనా దొరుకుతుంది (పెట్టె వయసు అంతకంటే ఎక్కువే కావచ్చు, పాత పెట్టెకి కొత్త పేపరు వేయడం మామూలే, పాత పేపరు దాచి తర్వాత వేయడమూ ఉంది). స్క్రూలు కూడా చూడు. తల మీద ప్లస్ గుర్తున్న స్టార్ స్క్రూలు 1930ల నుంచే వచ్చాయి, కాబట్టి అవి ఉంటే ఆ పెట్టె తర్వాతిదన్నా అయ్యుండాలి, లేదా మధ్యలో ఎవరో రిపేరు చేసుండాలి. మూలల్లో చెక్క వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు కలిపి ఉంటే, ఆ వేళ్ళు సమానంగా లేకుండా కొంచెం ఎచ్చుతగ్గులుగా ఉంటే అది చేతిపని.

ఇప్పుడు నల్ల పెట్టె. నీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే. ఆ కొనే అతని కంట్లో పడింది కూడా అదేనేమో.

విశాఖపట్నంలో 18, 19 శతాబ్దాల్లో పెట్టెల పని చాలా గొప్పగా జరిగేది. గంధపు చెక్కతోనో మరో చెక్కతోనో పెట్టె చేసి, పైన ఏనుగు దంతం పలచటి రేకుల్లా అతికించి, దాని మీద పూలూ లతలూ చెక్కి, ఆ గీతల్లోకి నల్ల లక్క నింపేవారు. గేదె కొమ్ముతో, తాబేలు చిప్పతో కూడా చేసేవారు. ఇంగ్లీషు దొరల కోసం కుట్టుపని పెట్టెలు, రాత పెట్టెలు, ఇంటి ఆకారంలో ఉన్న పెట్టెలు చేసి ఇచ్చేవారు, అలాంటివి ఈరోజుకీ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మన సముద్రపు ఒడ్డు పనివాళ్ళ చేతిపని అంత దూరాన గాజు పెట్టెలో ఉందని తెలిసినప్పుడు నాకు గర్వమూ వేసింది, బాధా వేసింది, ఎందుకంటే ఇక్కడ మనలో చాలామందికి ఆ పేరు కూడా తెలియదు. మీ ఇంట్లోది అలాంటిదేనని నేను చూడకుండా చెప్పలేను. ఎముకతో పొదిగినవీ, తర్వాత రోజుల్లో ప్లాస్టిక్ లాంటి సెల్యులాయిడ్‌తో చేసినవీ చాలా ఉంటాయి. ఒక మంచి భూతద్దం తెచ్చుకుని పగటి వెలుతురులో చూడు. ఎముక అయితే సన్నటి నల్ల చుక్కలో చిన్న చిన్న గీతలో కనిపిస్తాయి. దంతం అయితే ఆ చుక్కలుండవు, అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్ళే సన్నటి వంపు గీతలు కనిపించొచ్చు. ముక్కలన్నీ అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటే ప్లాస్టిక్ జాతిది. సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే వినకు, ఆ మచ్చ ఇక పోదు.

దంతం అని తేలితే, లేదా తాబేలు చిప్ప అని అనుమానమొస్తే, దాన్ని అమ్మడానికి వీల్లేదు చెల్లీ. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది, 1986 సవరణతో మన దేశపు దంతం వ్యాపారం ఆగిపోయింది, 1991 సవరణతో బయటి దేశాల దంతం వ్యాపారం కూడా ఆగిపోయింది. ఎంత పాతదైనా, మామ్మదైనా, కొనడం అమ్మడం నేరమే. వారసత్వంగా వచ్చినప్పుడు ఉంచుకోవడానికి దారి ఉంది, కానీ వచ్చిన 90 రోజుల్లో అటవీ శాఖకి తెలియజేయాలని చట్టం చెప్తోంది. కాబట్టి జిల్లా అటవీ అధికారి ఆఫీసుకి వెళ్ళి, ఇంటి అటక మీద ఇలాంటి పెట్టె దొరికింది అని కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. టెన్షన్ పడొద్దు, దాచడం కంటే చెప్పడమే నీకు రక్షణ. ఆ కొనే అతను "ఆ ఒక్కటీ ఇవ్వమ్మా, ఎవరికీ తెలీదు" అంటే తలుపు వేసెయ్యి.

రంగం నుంచి వచ్చిన డబ్బా గురించి రాయాలంటే నాకు చాలా ఉంది. ఈ తరం పిల్లలకి తెలియదు కానీ, రంగం అంటే బర్మాలోని రంగూన్, శ్రీకాకుళం విజయనగరం విశాఖ పల్లెల నుంచి కూలికీ మిల్లు పనికీ ఎంతమంది ఓడ ఎక్కారో లెక్కలేదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక 1942లో అడవుల్లో కొండల్లో నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారు, దారిలో పోయినవాళ్ళూ ఉన్నారు. మీ ముత్తాత అంతకుముందే ఓడలో వచ్చాడా, నడిచొచ్చాడా, ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడుగు. అంత దూరం చేత పట్టుకొచ్చిన డబ్బా అయితే దాని లెక్కే వేరు.

ఆ డబ్బా మన లక్క కాదు, ఇది తెలుసుకోవడం ముఖ్యం. బర్మాలో సన్నటి వెదురు బద్దలతో డబ్బా అల్లి, దాని మీద ఒక చెట్టు నుంచి కారే నల్లటి జిగురుని పొరలు పొరలుగా పూసి ఆరబెడతారు, పైన బొమ్మలు గీకి రంగు నింపుతారు. మూత తీస్తే లోపల ఒకటి రెండు పళ్ళేల్లాంటి అరలుంటే అది తాంబూలం డబ్బా. దానికి పడనివి రెండు, ఎండ, ఏసీ గాలి. రెండూ లోపలి వెదురుని ఎండబెట్టి పైపొరని పగలగొడతాయి. తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తు, అంతే, ఇంకేమీ రాయకు.

భరిణెల లక్క పురుగు నుంచి వచ్చేది. ఎలమంచిలి దగ్గర ఏటికొప్పాకలో ఇప్పటికీ చేస్తున్నారు కదా, అంకుడు కర్రని తిప్పుతూ లక్క బద్దని ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వేడికి కరిగి అతికింది కాబట్టి వేడికే మెత్తబడుతుంది, అందుకని ఎండలోనూ, స్టవ్ పక్కనా, దీపం దగ్గరా పెట్టకు. ఇంకొకటి, స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది, శానిటైజర్ కూడా అంతే. శానిటైజర్ రాసుకున్న చేత్తో భరిణె పట్టుకున్నా వేలిముద్ర పడిపోతుంది.

ఇత్తడి వక్కపెట్టెని చింతపండుతో తోమాలని చెయ్యి పీకుతుంది, నాకు తెలుసు. రోజూ వాడే చెంబుకి పర్వాలేదు కానీ పులుపు ఇత్తడిని కొంచెం కొంచెం తింటుంది, ప్రతి దసరాకీ తోముతూ పోతే చుక్కల పేరూ పువ్వుల పనీ అరిగిపోతాయి. గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్, తర్వాత బాగా ఆరబెట్టు. లోపల సున్నం కాయ ఉన్న అరలో తెల్లగా గడ్డకట్టిన సున్నం అలాగే ఉండనీ, దానివల్ల నష్టమేమీ లేదు. మూత బందు ఊడితే శ్రీకాకుళం జిల్లా బుడితి వెళ్ళు, కంచు ఇత్తడి పనికి పేరున్న ఊరు, అతుకు మాత్రం వెయ్యమని, కొత్తగా మెరిపించవద్దని ముందే చెప్పు.

భోషాణం కింద తెల్లకాగితం పరిచి రెండు వారాలు ఊరుకో. కాగితం మీద పిండిలాంటి పొడి పడితే లోపల పురుగు ఇంకా బతికే ఉంది, చిన్న చిన్న గుండ్రటి బెజ్జాల నుంచి వస్తుంది. అప్పుడు దాన్ని ఫ్లాట్‌లోకి తేకు, ముందు పురుగుల మందు కొట్టే మనిషిని పిలిచి ఊళ్ళోనే చేయించు, లేకపోతే మీ తలుపులకీ మంచానికీ పాకుతుంది. పొడి పడకపోతే అవి చాలావరకు పాత బెజ్జాలే, అయినా కొన్నాళ్ళు ఒక కన్నేసి ఉంచు. దుమ్ము బ్రష్‌తో దులిపి, తడి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో రెండు రోజులు మూత తెరిచి ఉంచు. పైన తేనెమైనంతో చేసిన పాలిష్ పలచగా రాసి గుడ్డతో రుద్దితే చాలు, మెరుపు కాదు, నిగారింపు వస్తుంది, చెక్కకి అదే అందం. కొబ్బరినూనె, నువ్వులనూనె రాయమని ఇంట్లో ఎవరో ఒకరు చెప్తారు. వద్దు, అది జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టి మక్కిన వాసన వస్తుంది. లోపల ముతక వాసన ఉంటే గిన్నెలో వంటసోడా పోసి మూత వేసి వారం ఉంచు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారో లేదో నువ్వు రాయలేదు. ఉంటే భోషాణం బయటి గొళ్ళెం ఈరోజే ఊడదీసి సంచిలో దాచు. దాగుడుమూతల్లో లోపల దూరిన పిల్లలు బయటికి రాలేరు, ఆ మూత బరువు పెద్దవాళ్ళకే కష్టం.

ట్రంకు పెట్టెలకి ఎక్కువ పని లేదు. రంగు పూలుంటే ఉండనీ, సొట్టలుంటే ఉండనీ, తుప్పు ఉన్నచోట మాత్రమే మెత్తటి స్టీల్ పీచుతో రుద్ది కుట్టుమిషను నూనె చుక్క రాయి. బిస్కెట్ డబ్బాల బొమ్మలు అచ్చువేసిన పలచటి రంగు, తడి చేస్తే అంచుల నుంచి లేచిపోతుంది, పొడిగుడ్డ చాలు. పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది, మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు పెట్టింది 2017 నవంబరు నుంచే. అందుకని వీటిలో జంతికలూ అరిసెలూ దాచొద్దు, పిల్లల చేతికి ఆటకీ ఇవ్వొద్దు. దారపు కండెలూ బొత్తాలూ పెట్టుకో.

సర్దడం గురించి మీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. 11 పెట్టెలూ హాల్లో వరసగా పెడితే ఇల్లు కొట్టులా ఉంటుంది, ఆయనకే కాదు, మూడు నెలల్లో నీకూ విసుగొస్తుంది. నేను పాటించేది ఒకటే, పని లేని పెట్టెని ఇంట్లో ఉంచను. భోషాణంలో చలికాలం దుప్పట్లూ పరుపు గుడ్డలూ పెట్టు, పైన ఒక పొందూరు ఖద్దరు దుప్పటి మడిచి వేస్తే ఇద్దరు కూర్చునే బల్ల అయిపోతుంది, అంటే ఒక సోఫా కుర్చీ తీసేయొచ్చు, ఆ లెక్క మీ ఆయనకి చెప్పు. కిటికీ కింద మాత్రం వద్దు, మనకి అక్టోబరు వచ్చిందంటే గుండె దడే, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, ఏ కిటికీ జల్లు ఆపలేదు. గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా, కాళ్ళ కింద చిన్న చెక్క ముక్కలు వేసి పెట్టు. ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెడితే మంచం పక్క బల్ల, సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే అలవాటుంటే వాటి మీద తెల్లపంచె పరిస్తే మెట్లు తయారు. వక్కపెట్టె గుమ్మం దగ్గర తాళాలకి బాగుంటుంది. ఎండ పడని అరలో రంగం డబ్బా ఒక్కదాన్నే పెట్టు, చుట్టూ ఏమీ వద్దు. పక్కన ముత్తాత ఫోటో ఉంటే సరే.

భరిణెలు మూడున్నాయి కదా, మీ మామ్మకి కూతుళ్ళున్నారా? ఉంటే మీ మేనత్తలకి ఈ పెట్టెల సంగతి చెప్పావా? చెప్పకుండా అన్నీ నువ్వే తెచ్చుకుంటే రేపు ఒక పెళ్ళిలో ఆ మాట బయటికొస్తుంది. ముందే పిలిచి ఏది కావాలో అడుగు. చాలామంది ఒక్క భరిణె చాలంటారు, ఆ చేత్తోనే ఏ పెట్టె ఎవరిదో కథంతా చెప్తారు. అది ఫోన్‌లో రికార్డు చేసుకో.

విలువ అడిగావు. డబ్బు లెక్కలో చూస్తే ట్రంకులకీ బిస్కెట్ డబ్బాలకీ భరిణెలకీ పెద్దగా రాదు. వక్కపెట్టెకి ఇత్తడి తూకం ధర అనేది అట్టడుగు ధర, పనితనమున్న పెట్టెని తూకానికి ఇవ్వకూడదు. భోషాణానికి మంచి కలప అయితే కలప ధరే గట్టిగా వస్తుంది, అందుకే వాటిని కొని విప్పేసి కిటికీలు చేసేవాళ్ళున్నారు, ఆ మాట రాయడానికే నాకు మనసు రావడం లేదు. 100 ఏళ్ళు దాటిన కళాఖండం ఏదైనా 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, దేశం దాటించడానికి వీల్లేదు. అమెరికాలో ఉన్న తమ్ముడో మరిదో "ఒక పెట్టె పట్టుకెళ్తాను వదినా" అంటే, ముందు పురావస్తు శాఖ దగ్గర అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోమను, లేకపోతే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది. నల్ల పెట్టె అయితే ఆ మాటే వద్దు.

ఇక రాని మూత. అటక మీద వానాకాలాలు గడిచి కర్ర ఉబ్బి బిగుసుకుంది, అంతే. కత్తి మొన పెట్టి లేపకు, వేడి నీళ్ళలో ముంచకు. గాలి తగిలే నీడలో ఒక వారం పది రోజులు ఉంచి, రెండు చేతులకీ రబ్బరు తొడుగులు వేసుకుని పైకి లాగకుండా మెల్లగా పక్కకి తిప్పు. రాకపోతే ఇంకో వారం ఆగు. వచ్చాక లోపల ఎర్రటి పొడి అంటుకుని ఉంటే కడగకు. ఆ పాత కుంకుమలో ఏం కలిపారో తెలియదు కాబట్టి నుదుటికి వాడొద్దు, కానీ ఆ ఎరుపు నీ మామ్మ వేలు తాకినది, అలాగే మూత పెట్టి దేవుడి గూట్లో ఉంచుకో.